మాత్ర వేశాక మొదలయ్యే పని

మందు ఇవ్వటమంటే మాత్ర చేతిలో పెట్టి నీళ్ళ గ్లాసు అందించటమేనని మనలో చాలామంది అనుకుంటారు. నర్సు పనిలో అది అన్నిటికన్నా చిన్న భాగం. ఇచ్చే ముందు ఏం చూసింది, ఇచ్చాక దేనికోసం కనిపెట్టుకుని ఉంది, ఏ క్షణాన ఆగి డాక్టరుకు కబురు పంపింది అన్న వాటిలోనే పనితనం తెలుస్తుంది. దాన్ని దగ్గరగా చూడాలనుకునేవారికి కోలినెర్జిక్ మందులకు మించిన చోటు లేదని నా నమ్మకం. నియోస్టిగ్మిన్, పైరిడోస్టిగ్మిన్, బెథనెకోల్, పైలోకార్పిన్, డోనెపెజిల్, రివాస్టిగ్మిన్ ఈ కోవలోవి. ఏ గుణం కోసం వీటిని ఇస్తామో ఆ గుణమే కాస్త మితిమీరితే అపాయం. కదలని మూత్రాశయం కదలాలని ఇస్తే పేగులు కూడా కదిలి విరేచనాలు పట్టుకోవచ్చు. కండరానికి బలం రావాలని ఇస్తే, మోతాదు దాటినప్పుడు అదే కండరం చచ్చుబడుతుంది.

ఎందుకలా? నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఊరి, కండరానికో గ్రంథికో సందేశం అందిస్తుంది. పని కాగానే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. బెథనెకోల్, పైలోకార్పిన్ ఎసిటైల్‌కోలిన్ చేసే పనిని తామే చేస్తాయి. మిగిలినవి ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని, ఉన్న రసాయనాన్నే ఎక్కువసేపు నిలబెడతాయి. ఎలా చేసినా ఆ సందేశం ఒక్కచోట ఆగదు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, మూత్రాశయం, కనుపాప, లాలాజలం, చెమట, ఒంట్లోని కండరాలు అన్నీ దాన్ని వింటాయి. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో నరం ఇలా రసాయనంతో సందేశం పంపుతుందని తొలిసారి తేలింది. ఒక గుండెకు వెళ్ళే వేగస్ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. ఈ పరిశోధనలకే 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఆ ప్రయోగంలో కనిపించిన సంగతి, ఈ రసాయనం గుండెను నెమ్మదింపజేస్తుందని. ఇవాళ వార్డులో నర్సు ఈ మాత్ర ఇచ్చేముందు మణికట్టు పట్టుకుని పల్స్ లెక్కపెట్టటం అందుకే. 60 కన్నా తక్కువ ఉంటే మందు పక్కన పెట్టి డాక్టరును అడుగుతుంది.

పల్స్ ఒక్కటే కాదు. ఉబ్బసం ఉందా? కడుపులో పుండు ఉందా? పేగుల్లోనో మూత్రనాళంలోనో ఏదైనా అడ్డుపడి ఉందా? గతంలో మూర్ఛ వచ్చిందా? ఈ ప్రశ్నలు కాగితం మీద పొడిగా కనిపిస్తాయి గాని ఒక్కోదాని వెనక ఒక కారణం ఉంది. శ్వాసనాళాలు బిగుసుకోవటం ఈ మందుల సహజ గుణం, కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడకపోవచ్చు. దారి మూసుకుపోయిన పేగును గట్టిగా కదిలిస్తే చిల్లుపడవచ్చు. మూత్రం రాకపోవటానికి కారణం రాయి అడ్డుపడటమైతే, మూత్రాశయాన్ని బిగించే మందు మేలు చేయదు. అందుకే మంచి నర్సు "మూత్రం రావట్లేదు" అన్న మాటతో సరిపెట్టుకోదు. పొత్తికడుపు మీద చెయ్యివేసి చూస్తుంది, ఎప్పటినుంచి, ఎలా మొదలైందని అడుగుతుంది.

ఈ పనితనం నిండుగా కనిపించేది మయస్థీనియా గ్రావిస్ రోగి మంచం దగ్గర. ఈ జబ్బులో శరీరం తన కండరాల మీద ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే చోట్లనే శత్రువుగా భావించి దెబ్బతీస్తుంది. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి రెప్పలు వాలిపోతాయి, నమిలేకొద్దీ దవడ అలిసిపోతుంది, మాట ముక్కులోంచి వస్తుంది. 1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ ఆస్పత్రిలో పనిచేస్తున్న మేరీ వాకర్ అనే డాక్టరు, ఈ జబ్బు లక్షణాలు క్యూరారే అనే విషం లక్షణాలను పోలి ఉన్నాయని గమనించి, దానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను తన రోగికి సూదిలో ఇచ్చింది. గంటలోపే రెప్ప లేచింది, చేతులకు బలం వచ్చింది, మింగటం మెరుగైంది. కొన్ని గంటల్లో ఆ గుణం తగ్గిపోయింది. ఆ ఫైసోస్టిగ్మిన్ నైజీరియాలోని కలబార్ ప్రాంతంలో నేరస్తులెవరో తేల్చటానికి తినిపించిన ఒక విషపు గింజలోది. వాకర్ రాసిన చిన్న ఉత్తరం ఆ ఏడాదే వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయింది. గంటలోపు లేవటం, కొన్ని గంటల్లో వాలటం అనే ఆ లయ ఇవాళ్టి పైరిడోస్టిగ్మిన్‌లోనూ ఉంది. నర్సు పని నడిచేది ఆ లయ మీదే.

60 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే సుమారు అరగంట నుంచి ముప్పావుగంటలో పనిచేయటం మొదలుపెట్టి, మూడు నాలుగు గంటలు ఉంటుంది. మాత్ర బలం అందుకున్న సమయానికి అన్నం పళ్ళెం ముందుండాలి. వార్డుకు టిఫిన్ బండి ఎనిమిదింటికి వస్తుందంటే, మాత్ర ఏడు, ఏడుంపావుకల్లా పడాలి. టిఫినుతో పాటు ఇస్తే మొదటి ఇడ్లీ ముక్క గొంతులోనే ఆగిపోవచ్చు. ఆస్పత్రిలో మిగతా మందులకు ఉండే గంటల పద్ధతి ఈ రోగికి సరిపడదు. అందుకే ఈ విషయం తెలిసిన నర్సు మొదటి రోజే ఇంటి అలవాటు అడుగుతుంది. "ఇంట్లో ఎన్నింటికి వేసుకుంటారమ్మా? పొద్దున లేవగానేనా? రాత్రిది పడుకునే ముందా?" ఏళ్ళ తరబడి జబ్బుతో బతికిన మనిషికి తన గంటలు ఎవరికన్నా బాగా తెలుసు. చార్టులో ఆ గంటలనే రాయించేలా డాక్టరుతో మాట్లాడటం గొప్ప పని. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాత్ర ఆలస్యమైతే, ఆ మాత్రనే మింగలేని స్థితి వస్తుంది. బలం కావాల్సింది మింగటానికి, ఆ బలాన్ని ఇచ్చే మాత్రను మింగాలి! అందుకే మాత్ర నోట్లో పెట్టే ముందు నర్సు ఒక గుక్కెడు నీళ్ళు తాగించి చూస్తుంది. దగ్గు వచ్చిందా, నీళ్ళు ముక్కులోంచి వచ్చాయా, తాగాక గొంతు తడిగా గరగరలాడుతోందా అని చెవి పెడుతుంది. తేడా కనిపిస్తే నోటి ద్వారా ఏదీ ఇవ్వదు, డాక్టరును పిలుస్తుంది. బాగుంటే మంచం తల ఎత్తి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని చెప్పి మింగిస్తుంది. పరగడుపున పడితే కడుపులో మెలిపెట్టేవారికి రెండు బిస్కెట్లో కాసిన్ని పాలో ముందు ఇస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్ర అయితే ముక్కు గొట్టంలో వేయటానికని దాన్ని నూరదు. రోజంతా పంచాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది కనుక.

మాత్ర దిగాక అసలు పని. ఒక గంట తర్వాత మంచం దగ్గరికి వచ్చి ఆమె అడిగే మాటలు వింటే పలకరింపుల్లా ఉంటాయి. "అత్తయ్యా, నోట్లో నీళ్ళు ఎక్కువగా ఊరుతున్నాయా, లేక మామూలుగానే ఊరి మింగలేకపోతున్నారా?" ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి చూడండి. పెదవి చివర చొల్లు కారుతుంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. మందు ఎక్కువై లాలాజలం పొంగటం ఒకటి. మందు చాలక, మామూలుగా ఊరే లాలాజలాన్నే మింగలేకపోవటం రెండోది. చూడటానికి రెండూ ఒకటే, చికిత్స మాత్రం పూర్తిగా ఎదురు. ఆ తేడా తేల్చగల ప్రశ్నను రోగి భాషలో, భయపెట్టకుండా అడగటం నేర్చుకున్న విద్యే. ఆ మాటల్లో ఉండగానే ఆమె కళ్ళు కనుపాపల మీద ఉంటాయి. మందు ఎక్కువైతే అవి సూదిమొనంత అవుతాయి. నుదుటి మీద చెయ్యి పెడితే చెమట తెలుస్తుంది. పొట్ట మీద స్టెతస్కోప్ పెడితే పేగుల చప్పుడు ఎక్కువైందా లేదా తెలుస్తుంది. కనురెప్ప కిందా, భుజం మీదా చర్మం కింద కండరం సన్నగా అదురుతోందా అని వెలుతురు వైపు తిప్పి చూస్తుంది.

రోగి బలహీనపడ్డాడంటే ఇంట్లోవాళ్ళకు తోచేది ఒక్కటే, ఇంకో మాత్ర వేయాలని. అక్కడే ప్రమాదం పొంచి ఉంది. మందు చాలకపోయినా కండరాలు సడలుతాయి, మందు మించినా సడలుతాయి. మొదటిదాన్ని మయస్థీనిక్ క్రైసిస్ అంటారు, రెండోదాన్ని కోలినెర్జిక్ క్రైసిస్ అంటారు. రెండూ చివరకు ఊపిరి మీదికే వస్తాయి. వీటిని విడదీయటానికి నర్సు రాసిన చార్టు కన్నా విలువైన ఆధారం డాక్టరుకు తరచుగా దొరకదు. మాత్ర ఎన్ని గంటలకు పడింది, బలహీనత ఎన్ని గంటలకు మొదలైంది? తర్వాతి మాత్రకు ముందు దిగజారి, మాత్ర పడగానే తేరుకుంటే మందు చాలట్లేదన్న అనుమానం. మాత్ర పడ్డ గంటకు దిగజారితే, దానికి తోడు విరేచనం, చెమట, చిన్నబడ్డ కనుపాపలు, నెమ్మదించిన పల్స్ ఉంటే మందు మించిందన్న అనుమానం. "మధ్యాహ్నం నీరసం" అని రాసిన చార్టు ఎందుకూ కొరగాదు. "2.10కి మాత్ర. 3.15కి మెడ నిలపలేకపోయారు, రెండు విరేచనాలు, పల్స్ 54" అని రాసిన చార్టు ప్రాణం నిలుపుతుంది.

ఊపిరిని కనిపెట్టటంలో కూడా ఒక పద్ధతి ఉంది. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చెప్పమంటుంది. పొద్దున నలభై దాకా చెప్పిన మనిషి మధ్యాహ్నానికి ఇరవై దగ్గరే ఆగిపోతే, అది ఏ యంత్రమూ మోగించకముందే వినపడే హెచ్చరిక. వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో అంకె బాగుందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. కండరాలు అలిసిపోయే ఇలాంటి జబ్బుల్లో ఆ అంకె చాలా ఆలస్యంగా పడిపోతుంది. అప్పటికే మంచం పక్కన సక్షన్, ఆక్సిజన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ సిద్ధంగా ఉండాలి. ఈ మందులకు విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూల్ చేతికందే దూరంలో ఉండాలి. అయితే అట్రోపిన్‌ను అలవాటుగా రోజూ ఇవ్వటం మంచిది కాదు. చొల్లు, చెమట, కడుపునొప్పి అనే తొలి సూచనలను అది కప్పేస్తుంది, మోతాదు మించిన సంగతి ఊపిరి తడబడేదాకా తెలియకుండా పోతుంది. ఇబ్బంది పెట్టే లక్షణాలనే కాపలాగా వాడుకోవటం ఈ వృత్తి తెలివి అనిపిస్తుంది నాకు.

కేస్ షీట్‌లో కొత్తగా చేరిన మందు మీద కూడా ఆమె కన్ను ఉంటుంది. జ్వరం వచ్చిందని ఎవరైనా జెంటామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ రాస్తే, మెగ్నీషియం ఎక్కించమంటే, మయస్థీనియా రోగికి అవి కండర బలహీనతను పెంచవచ్చు. రాత్రి డ్యూటీలో సూది కలిపే ముందు ఫోన్ చేసి, "సార్, ఈ పేషెంట్‌కు మయస్థీనియా ఉంది, ఇది ఇవ్వమంటారా?" అని ఒక్క మాట అడగటానికి చదువూ కావాలి, ధైర్యమూ కావాలి.

మిగతా మందుల దగ్గర ఇంత కథ లేదు గాని మెలకువలు ఉన్నాయి. బెథనెకోల్‌ను అన్నానికి గంట ముందో రెండు గంటల తర్వాతో ఇస్తారు, నిండు కడుపున వికారం, వాంతులు వస్తాయి. పైరిడోస్టిగ్మిన్‌కు కాస్త ఆహారం మేలైతే దీనికి ఖాళీ కడుపు మేలు. ఒకే కోవలోని మందులకు ఎదురెదురు నియమాలు! ఇచ్చాక యూరిన్ క్యాన్ అందుబాటులో పెట్టి, పెద్దవారికి "లేవాలంటే ముందు మంచం అంచున కాసేపు కూర్చోండి తాతా" అని చెప్పాలి, లేవగానే బీపీ పడిపోయి తూలవచ్చు. పైలోకార్పిన్ చుక్క కంట్లో వేశాక ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. చుక్క ముక్కులోకి జారి రక్తంలో కలవకుండా ఆ వేలే ఆపుతుంది. కనుపాప చిన్నబడి చీకట్లో చూపు మందగిస్తుంది కాబట్టి రాత్రి బండి నడపొద్దని ఇంటికి పంపేటప్పుడే చెప్పాలి. మతిమరుపు జబ్బుకు వాడే రివాస్టిగ్మిన్ పట్టీ అయితే, కొత్తది అంటించే ముందు పాతది తీశారా అని వీపంతా చూడాలి. తీయకుండా ఒకదాని మీద ఒకటి అంటించటం వల్ల మోతాదు మించిన సంఘటనలు ఉన్నాయి.

మన పల్లెల్లో ఈ విద్య అక్కరకొచ్చే చోటు పాముకాటు. నాగుపాము కరిచి రెప్పలు వాలుతున్న రోగికి విషానికి విరుగుడు ఇస్తూనే, డాక్టరు నియోస్టిగ్మిన్ పరీక్ష చేయించవచ్చు. ముందు 0.6 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఇస్తారు, గుండె నెమ్మదించకుండా, నోరు పొంగకుండా. తర్వాత నియోస్టిగ్మిన్. అప్పటినుంచి ఒక గంటపాటు పది నిమిషాలకోసారి కొలతలు తీయాలి. కంటి నల్లగుడ్డు ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తోంది, నోరు తెరిస్తే పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య ఎంత దూరం, పైకి చూడమంటే ఎన్ని సెకన్లు చూడగలిగాడు, ఒక్క ఊపిరిలో ఎంత లెక్కపెట్టాడు. స్కేలు, గడియారం, ఓపిక ఉంటే చాలు. నాగుపాము విషం కండరం వైపు అడ్డుపడుతుంది కనుక ఈ మందుకు లొంగే అవకాశం ఉంది. కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది కనుక చాలాసార్లు లొంగదు. కొలతలు మెరుగుపడకపోతే ఈ మందు కొనసాగించి లాభం లేదు, కృత్రిమ శ్వాస మీద దృష్టి పెట్టాలి. "కాస్త మేలుగా ఉన్నట్టుంది" అన్న అంచనాతో ఈ నిర్ణయం జరగదు. నాలుగు అంకెలు రాసిపెట్టిన నర్సు వల్ల జరుగుతుంది.

పురుగుల మందు కేసుల్లో ఎసిటైల్‌కోలిన్ వరదలా వస్తుంది. పత్తి, మిరప చేలలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు కూడా కోలినెస్టరేజ్‌నే అడ్డుకుంటాయి. మందు కొడుతూ ఒంటిమీద పోసుకున్నా, మింగినా, పైన చెప్పుకున్న మోతాదు మించిన లక్షణాలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. చేతులకు గ్లవ్స్ వేసుకుని బట్టలు తీసేయటం, సబ్బు నీళ్ళతో ఒళ్ళు, జుట్టు కడగటం ఊపిరి చూస్తూనే జరిగిపోవాలి. దాంతో పాటే, ఆలస్యం లేకుండా అట్రోపిన్. ఐదు నిమిషాలకోసారి చూసుకుంటూ, చాలకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ వెళ్తారు. ఎక్కడ ఆగాలో చెప్పేవి ప్రధానంగా ఊపిరితిత్తులు. గరగర పోయి గాలి తేలిగ్గా ఆడాలి, పల్స్ 80 దాటాలి, చంకలు పొడిబారాలి. అట్రోపిన్ మించితే ఒళ్ళు కాలుతుంది, మనిషి కలవరిస్తూ దుప్పటి పీకుతాడు, పేగుల చప్పుడు ఆగిపోతుంది. రెండు గట్ల మధ్య గంటల తరబడి రోగిని నడిపించే చెయ్యి నర్సుదే. మనిషి తేరుకున్నాక కూడా కాపలా తీయకూడదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు మళ్ళీ సడలే ప్రమాదం ఉందని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లిడ్డే వివరించారు. అందుకే అనుభవం ఉన్న సిస్టర్ ప్రతి రౌండులోనూ దిండు మీదినుంచి తల ఎత్తమంటుంది. ఎత్తలేకపోతే ఆ మంచాన్ని వెంటిలేటర్‌కు దగ్గరగా మార్పిస్తుంది.

ఇలా కనిపెట్టుకుని ఉండటానికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. ఒక గడియారం, ఒక టార్చి, ఒక స్టెతస్కోప్, తీరిక చాలు. మొదటి మూడూ ప్రతి వార్డులో ఉంటాయి. నాలుగోది, ఒక్క నర్సుకు అప్పజెప్పే రోగుల సంఖ్య పెరిగేకొద్దీ కరువవుతుంది. గంట తర్వాత మంచం దగ్గరికి తిరిగి రాగలిగే వీలు లేకపోతే పై పేరాల్లో చెప్పిన ఏ నేర్పూ అక్కరకు రాదు. ఆస్పత్రి నడిపేవారు మందుల ఖర్చు లెక్కవేసినంత శ్రద్ధగా ఈ తీరిక లెక్క కూడా వేయాలి.

మీ ఇంట్లో ఎవరైనా పైరిడోస్టిగ్మిన్, డోనెపెజిల్ లాంటి మందు వాడుతుంటే, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద మందు పేరు, మోతాదు, చివరి మాత్ర వేసిన గంట, నిమిషాలతో సహా, నీరసమో విరేచనమో మొదలైన సమయం రాసి తీసుకెళ్ళండి. అక్కడ కనిపించిన మొదటి నర్సు చేతికి ఇవ్వండి. నీరసంగా ఉన్నారని మీ అంతట మీరు ఇంకో మాత్ర మాత్రం వేయకండి.